సీటు ఎత్తు నేల నుంచి కొలిచేది కాదు

సిరిసిల్లలో చేతిమగ్గాలు జోరుగా ఆడిన రోజుల్లో గుంటమగ్గం పెట్టుకోవాలంటే ముందు నేల తవ్వాలి. నేసే మనిషి గుంట అంచున కూర్చుని, కాళ్లు లోపలికి జారవిడిచి, అడుగున ఉన్న తొక్కుడు చెక్కలను ఒకదాని తర్వాత ఒకటి అదుముతాడు. గుంట లోతు తక్కువైతే మోకాళ్లు పొట్ట దగ్గరికి ముడుచుకుంటాయి. మరీ లోతైతే చెక్క కోసం కాలు సాచి వెతుక్కోవాలి. రోజుకు వేలసార్లు తొక్కాల్సిన చెక్క కనుక, వేలెడు తేడా వచ్చినా సాయంత్రానికి నడుమూ మోకాళ్లూ ఆ సంగతి చెప్పేస్తాయి. కూర్చునే చోటుకూ కాలు తొక్కే చోటుకూ మధ్య దూరం మనిషి కాలిని బట్టి ఉండాలన్న సంగతి ఆ ఊరికి కొత్త కాదు.

ఇప్పుడక్కడ చేతిమగ్గాలు అరుదు. మరమగ్గాలదే రాజ్యం. ఊళ్లో వాటిని సాంచాలంటారు. 2017 నుంచి బతుకమ్మ చీరల పని కూడా నడిచింది ఈ సాంచాల మీదే. సాంచాల మీద పని నిలబడి చేసేది. పన్నెండు గంటల షిఫ్టు దిగి సైకిల్ అందుకునే కార్మికుడి బండి చూస్తే, సీటు చాలాసార్లు అడుగుకంటా దిగి ఉంటుంది. కోరుట్లలో బీడీ కట్టలు మోసే సైకిలైనా, జగిత్యాలలో బడికి పోయే పిల్లల సైకిలైనా అంతే. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనాలి. ఊళ్లో చెల్లుబాటయ్యే కొలత అదొక్కటే.

గుంటమగ్గం దగ్గర కాలికీ తొక్కుడు చెక్కకూ మధ్య కొలిచిన మనుషులం, సైకిల్ దగ్గరికి వచ్చేసరికి కాలికీ నేలకూ మధ్య కొలుస్తున్నాం. అసలు తిరకాసు ఇక్కడే ఉంది. సైకిల్ నడిచేటప్పుడు కాలికి నేలతో పని లేదు, పెడల్‌తోనే పని.

నేలను కొలతగా పెట్టుకోవడానికి కారణాలు లేకపోలేదు. మన దగ్గర సైకిల్ చాలాకాలం బరువులు మోసే బండి. వెనక క్యారియర్ మీద బియ్యం బస్తా, ముందు రాడ్డు మీద పిల్ల, హ్యాండిల్‌కు సంచీ. అంత బరువుతో ఆగినప్పుడు కాళ్లు నేలకు ఆనకపోతే బండి పక్కకు ఒరుగుతుంది. నేర్చుకునే వయసులో పడిపోతామనే భయం ఉంటుంది. జాతీయ రహదారి 63 మీద లారీ హారన్ కొట్టగానే కాలు దించాలన్న తొందర ఉంటుంది. ఆ అలవాటు బరువు లేనప్పుడూ, భయం తీరాకా అలాగే ఉండిపోయింది. ఇప్పుడు జిల్లా కేంద్రాల్లోనూ సన్నటి టైర్లు, కిందికి వంగిన హ్యాండిల్ ఉన్న రేసు సైకిళ్లు కనిపిస్తున్నాయి. కొన్న మొదటి రోజే వాటి సీటు కూడా దిగిపోతోంది.

ఎంత తేడా వస్తుందో లెక్క వేస్తే తెలుస్తుంది. ఒక మనిషి కాలి లోకొలత, అంటే గజ్జల నుంచి నేల దాకా, 78 సెంటీమీటర్లు అనుకుందాం. అతని కాళ్లు రెండూ నేలకు పూర్తిగా ఆనాలంటే సీటు పైభాగం నేల నుంచి 78 సెంటీమీటర్లకు మించకూడదు. పెడల్ తొక్కడానికి సరిపడే ఎత్తు మాత్రం వేరు. పెడల్ చేతులు, అంటే క్రాంకులు, తిరిగే ఇరుసు నేలకు సుమారు 27 సెంటీమీటర్ల పైన ఉంటుంది. అక్కడి నుంచి సీటు దాకా ఇతనికి దాదాపు 69 సెంటీమీటర్లు కావాలి. ఈ కొలత ఎలా వచ్చిందో కాసేపట్లో చూద్దాం. సీటు రాడ్ కాస్త వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి నిలువున చూస్తే అది 66 అవుతుంది. మొత్తం 93. అంటే పాదాలు ఆనే ఎత్తుకూ, తొక్కడానికి తగిన ఎత్తుకూ మధ్య పదిహేను సెంటీమీటర్ల తేడా. జానెడులో సగానికి పైనే. ఇంత తేడాను ముంగాళ్ల మీద లేచి భర్తీ చేయలేం. సరైన ఎత్తులో సీటు ఉన్న సైకిల్ మీద కూర్చుని ఆగడం కుదరదు. ఆగేటప్పుడు సీటు దిగి ముందుకు రావాలి, రాడ్డుకు అటొక కాలు ఇటొక కాలు వేసి నిలబడాలి. ఈ ఒక్క అలవాటు నేర్పకుండా ఎవరి సీటు పైకి లేపినా, రెండో రోజుకు అది మళ్లీ కిందికే దిగుతుంది.

సీటు దిగితే భారం మోకాలి మీద పడుతుంది. ఎందుకు పడుతుందో తెలియాలంటే చేదబావి దగ్గరికి వెళ్లాలి.

బావి గిలక మీద తాడు ఉంది. తాడు గిలకను తాకీ తాకనట్టు నిటారుగా పోతే గిలక ఇరుసు మీద భారం ఏమీ ఉండదు. తాడు గిలక చుట్టూ తిరిగి రెండు వైపులా కిందికి దిగితే, బకెట్ బరువుకు దాదాపు రెట్టింపు ఆ ఇరుసు మీద పడుతుంది. తాడు వంపు ఎంత పెరిగితే గిలక మీద నొక్కుడు అంత పెరుగుతుంది. మోకాలి చిప్ప చేసేది అచ్చంగా ఈ గిలక పనే. తొడ ముందువైపు కండరం పై నుంచి లాగుతుంది. చిప్ప కింది నుంచి ఒక స్నాయువు ఆ లాగుడును కాలి ఎముకకు అందిస్తుంది. కాలు చాచి ఉన్నప్పుడు ఈ రెండూ దాదాపు ఒకే గీతలో ఉంటాయి. మోకాలు బాగా మడిచి, అదే సమయంలో బలంగా తొక్కితే తాడు గిలక చుట్టూ తిరిగినట్టవుతుంది. చిప్ప వెనక ఉన్న మృదులాస్థిని తొడ ఎముక మీదికి అదిమే బలం పెరిగిపోతుంది. గొంతు కూర్చున్నవాళ్లు లేస్తూ మోకాలు పట్టుకోవడం, ఎత్తు మెట్లు ఎక్కేటప్పుడు మోకాలు నొప్పి పెట్టడం కూడా ఇందువల్లే.

సైకిల్ మీద గట్టి తోపుడు పడేది పెడల్ పై నుంచి ముందుకు వచ్చి కిందికి దిగే దారిలో. సీటు తక్కువగా ఉంటే మోకాలు ఎక్కువ మడిచి ఉన్న సమయంలోనే ఆ తోపుడు పడుతుంది. అది ఒకసారి అయితే ఏమీ కాదు. మామూలు సైకిల్‌కు ముందు 44 పళ్లు, వెనక 18 పళ్లు, 28 అంగుళాల చక్రం ఉన్నాయనుకుంటే, పెడల్ ఒక చుట్టు తిరిగితే బండి దాదాపు 5.5 మీటర్లు పోతుంది. జగిత్యాల నుంచి కోరుట్లకు సుమారు పాతిక కిలోమీటర్లు అనుకుంటే, ఒక్కో కాలు నాలుగున్నర వేల సార్లకు పైగా తొక్కాలి. పోయి వస్తే తొమ్మిది వేలు దాటుతుంది. మోకాలి చిప్ప చుట్టూ, ముందువైపు మొదలయ్యే నొప్పికి సైకిల్ తొక్కేవాళ్లలో తరచూ కనిపించే కారణాల్లో తక్కువ సీటు ఒకటి. ‘వయసు మీద పడింది’ అని సైకిల్‌ను మూలన పెట్టేసిన పెద్దల్లో కొందరికైనా వయసుతో పాటు ఆ సీటు కూడా కారణమై ఉంటుంది.

మరీ ఎక్కువ లేపితే నొప్పి చోటు మార్చుకుంటుంది. కింది పెడల్‌ను అందుకోవడానికి కాలు పూర్తిగా సాగాల్సి వస్తుంది. మోకాలి వెనక నరాలు లాగినట్టుంటాయి. మడమ పైకి లేచి పిక్క బిగుస్తుంది. వెనక నుంచి చూస్తే నడుము ఎడమకూ కుడికీ ఊగుతుంది. ఆ ఊగుడుతో తొడల మధ్య చర్మం సీటుకు రాసుకుని పుండ్లు పడతాయి. నొప్పి మోకాలి ముందు ఉందంటే సీటు తక్కువైందనీ, వెనక ఉందంటే ఎక్కువైందనీ మొదటి అంచనాగా తీసుకోవచ్చు. నొప్పి తగ్గకపోతే మాత్రం ఎముకల డాక్టరును చూడాల్సిందే.

సరైన ఎత్తు అంటూ ఒకటి ఉండడానికి ఇంకా లోతైన కారణం కండరంలోనే ఉంది. కండరం లోపల రెండు రకాల సన్నటి పోగులు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుని ఉంటాయి, దువ్వెన పళ్లలో దువ్వెన పళ్లు దూర్చినట్టు. అవి ఒకదాన్నొకటి పట్టుకుని లాగడమే బలం. 1966లో గోర్డన్, హక్స్‌లీ, జూలియన్ అనే శాస్త్రవేత్తలు కప్ప కండరపు పోగు మీద ప్రయోగం చేసి ఒక సంగతి తేల్చారు. పోగును మరీ సాగదీస్తే పళ్లు ఒకదాన్నొకటి అందుకోలేవు, మరీ కుదిస్తే ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి. రెండు సందర్భాల్లోనూ బలం పడిపోతుంది, నడిమి పొడవులోనే గట్టిగా లాగుతుంది. ఊరి బోరింగ్ కొట్టిన ఎవరికైనా ఇది తెలిసిందే. చేతిని భుజం దాకా మడిచి కొట్టినా, పూర్తిగా చాచి కొట్టినా నాలుగు దెబ్బలకే అలసట వస్తుంది. సీటు ఎత్తును సరిచేయడమంటే తొడ, పిక్క, పిరుదు కండరాలు వాటి నడిమి పొడవులో పనిచేసేలా చూడడం.

ఈ ఎత్తు కోసం వెతుకులాట సైకిల్ పుట్టినప్పటి నుంచీ ఉంది. 1870ల నాటి ఎత్తైన ముందు చక్రపు సైకిల్‌లో పెడళ్లు నేరుగా ఆ చక్రానికే ఉండేవి. కాలి పొడవును బట్టి చక్రం సైజే ఎంచుకోవాల్సి వచ్చేది. పొడగరికి పెద్ద చక్రం, పొట్టివాడికి చిన్న చక్రం. 1885లో ఇంగ్లండ్‌లో జాన్ కెంప్ స్టార్లీ తెచ్చిన రోవర్ సైకిల్‌లో రెండు చక్రాలూ ఇంచుమించు ఒకే ఎత్తు, వెనక చక్రానికి చైను. అప్పుడు చక్రానికీ కాలి పొడవుకూ సంబంధం తెగిపోయింది. కాలికి తగ్గట్టు మార్చే పని సీటు రాడ్ మీద పడింది. నేటి సైకిళ్లన్నీ ఆ వంశమే.

1967లో హామ్లీ, థామస్ అనే బ్రిటిష్ పరిశోధకులు ప్రయోగశాల సైకిల్ మీద మనుషులను తొక్కించి, అడుగున ఉన్న పెడల్ నుంచి సీటు పైభాగం దాకా దూరం లోకొలతలో 109 శాతం ఉన్నప్పుడు ఫలితం మెరుగ్గా ఉందని తేల్చారు. 1980లలో ఫ్రాన్స్‌కు చెందిన కోచ్ సిరీల్ గిమార్ వాడిన ఇంకో సూత్రం ప్రపంచమంతా పాకింది. లోకొలతను 0.883తో గుణిస్తే, క్రాంకుల ఇరుసు నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన దూరం వస్తుంది. గిమార్ దగ్గర తయారైన అమెరికా రేసర్ గ్రెగ్ లెమాండ్ తన పుస్తకంలో దీన్ని రాయడంతో అది ఇప్పటికీ అతని పేరుతోనే నడుస్తోంది.

మన 78 సెంటీమీటర్ల మనిషికి లెమాండ్ లెక్క 68.9 సెంటీమీటర్లు చెబుతుంది. హామ్లీ, థామస్ లెక్క 85 సెంటీమీటర్లు చెబుతుంది, కానీ అది పెడల్ నుంచి. అందులోంచి 17 సెంటీమీటర్ల క్రాంకు తీసేస్తే 68. రెండు పేరున్న సూత్రాలు ఒకే మనిషికి దాదాపు తొమ్మిది మిల్లీమీటర్ల తేడా చూపుతున్నాయి. తప్పు ఏ ఒక్కదానిదీ కాదు. రెండూ కాలి మొత్తం పొడవునే చూస్తాయి. ఆ పొడవులో తొడ ఎంత, కింది కాలు ఎంత, పాదం ఎంత, చీలమండ ఎంత వంగుతుంది అనేది ఏదీ చూడదు. అందుకే తర్వాతి పరిశోధకులు మోకాలి వంపునే నేరుగా కొలవడం మొదలుపెట్టారు. పెడల్ అడుగున ఉన్నప్పుడు మోకాలు నిటారు నుంచి 25 నుంచి 35 డిగ్రీల మధ్య మడిచి ఉండాలి. విల్ పెవలర్ అనే అమెరికా పరిశోధకుడు 2008లో ప్రచురించిన అధ్యయనంలో 25 డిగ్రీల దగ్గర ఆక్సిజన్ ఖర్చు తక్కువని చూపాడు. 109 శాతం సూత్రం చాలామందిని ఈ హద్దుల్లోకి తేలేకపోతోందని అతని అంతకుముందు పని తేల్చింది. సూత్రాన్ని మొదలుపెట్టే చోటుగా తీసుకుని, చివరి మాట మోకాలికి వదలడం మేలు.

లోకొలత తీసుకోవడం సులువే కానీ అందరూ ఒకే పొరపాటు చేస్తారు. ప్యాంటు కోసం టైలర్ తీసుకున్న కొలతనే వాడేస్తారు. టైలర్ టేపు వదులుగా, కిందగా ఆగుతుంది. సైకిల్ కొలతకు చెప్పులు విప్పి, గోడకు వీపు ఆనించి నిలబడి, బడి పిల్లల గట్టి అట్ట పుస్తకాన్ని కాళ్ల మధ్య పెట్టి, సీటు మీద కూర్చున్నంత గట్టిగా పైకి నొక్కాలి. పుస్తకం పై అంచు నుంచి నేల దాకా కొలవాలి. మూడుసార్లు కొలిచి మధ్యస్తంగా వచ్చిన అంకె తీసుకుంటే నమ్మకంగా ఉంటుంది.

టేపు కూడా లేని చోట మడమ లెక్క ఉంది. ఒకరు సైకిల్ పట్టుకుంటే, తొక్కే మనిషి సీటు మీద కూర్చుని మడమను పెడల్ మీద పెట్టాలి. పెడల్ అడుగుకు చేరినప్పుడు మోకాలు సరిగ్గా నిటారవ్వాలి, నడుము పక్కకు వాలకూడదు. ఆ ఎత్తులో సీటు బిగించి, తర్వాత మామూలుగా ముంగాలు పెడల్ మీద పెడితే మోకాలికి కావాల్సిన ఆ కొద్దిపాటి మడత దానంతటదే వస్తుంది. కోరుట్ల రోడ్డు పక్క సైకిల్ షాపులో ఐదు నిమిషాల పని ఇది, పానా తప్ప ఇంకేమీ అక్కర్లేదు. తొక్కేటప్పుడు ఏ చెప్పులు వేసుకుంటారో వాటితోనే చూసుకోవాలి. మందపాటి హవాయి చెప్పు నుంచి పలుచటి బూటుకు మారితే ఒక సెంటీమీటరు దాకా తేడా రావచ్చు. పాత రకం స్ప్రింగుల సీటైతే మనిషి కూర్చోగానే దిగుతుంది, కాబట్టి కూర్చున్నాకే కొలత.

ఎత్తు కుదిరాక ముందు వెనకల సంగతి. సీటు కింద రెండు పట్టాలుంటాయి. బోల్టు వదులు చేస్తే సీటు వాటి మీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది. దీనికి చాలా షాపుల్లో మేస్త్రీ గుండు దారంతో చూస్తారు. పెడల్ సరిగ్గా ముందుకు, నేలకు సమాంతరంగా ఉన్నప్పుడు మోకాలి చిప్ప కింద తగిలే గడ్డ నుంచి దారం వేలాడదీస్తే, గుండు పెడల్ ఇరుసు మీదికి రావాలంటారు. కీత్ బోంట్రేగర్ అనే అమెరికా సైకిల్ తయారీదారు ఈ పద్ధతిని గట్టిగా ప్రశ్నించాడు. భూమి ఆకర్షణ గీతకూ మోకాలి పనికీ సంబంధం లేదనీ, వెనక్కి పడుకుని తొక్కే సైకిళ్ల మీద మోకాలు ఎక్కడో ఉన్నా మనుషులు హాయిగా తొక్కుతున్నారనీ అతని వాదన. వాదన సబబే. అయినా గుండు దారాన్ని పారేయనక్కర్లేదు. అది సీటును నడిమికి తెస్తుంది. అక్కడి నుంచి చూడాల్సింది ఒళ్లు బరువు ఎక్కడ పడుతోందని. సీటు మరీ ముందుకుంటే బరువంతా అరచేతుల మీదికి జారుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మోకాలి మడత కూడా పెరుగుతుంది. మరీ వెనక్కుంటే హ్యాండిల్ కోసం నడుము సాగాల్సి వస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, షాపుల్లో కూడా తరచూ మరిచిపోయేది. సీటు రాడ్ వాలు సుమారు 73 డిగ్రీలు ఉంటుంది. అందువల్ల సీటును ఒక సెంటీమీటరు వెనక్కి జరిపితే పెడల్ నుంచి దూరం దాదాపు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. ముందుకు జరిపితే అంతే తగ్గుతుంది. ముందు వెనకలు మార్చిన ప్రతిసారీ ఎత్తును మళ్లీ చూడాలి.

మూడోది వాలు. మొదట సీటును నేలకు సమాంతరంగా పెట్టాలి. సీటు మీద అట్ట పుస్తకం పెట్టి దాని మీద మేస్త్రీ రసమట్టం పెడితే చాలు, ఫోనులో ఉండే మట్టం కూడా పనికొస్తుంది. సీటు ముక్కు, అంటే దాని ముందు కొన, పైకి లేస్తే తొడల మధ్య మెత్తటి భాగం నలుగుతుంది. మరీ కిందికి వాలితే మనిషి జారిపోతూ చేతులతో వెనక్కి తోసుకుంటూ కూర్చోవాలి. అంతర్జాతీయ రేసుల నిబంధనలు కూడా 9 డిగ్రీలకు మించి వంచనివ్వవు. మామూలు జనానికి ఒకటి రెండు డిగ్రీల కిందివాలు చాలు.

ఇదే చోట మనవాళ్లు నోరు విప్పడానికి మొహమాటపడే ఒక సంగతి చెప్పాలి. సీటు మీద ఒంటి బరువును మోయాల్సినవి పిరుదుల కింద చేతికి తగిలే రెండు ఎముకలు. వాటి మధ్యలోంచి మూత్ర, జననాంగాలకు పోయే నరాలు, రక్తనాళాలు వెళ్తాయి. సీటు వెడల్పు ఎముకలకు సరిపోకపోయినా, ముక్కు పైకి లేచినా బరువు నరాల మీద పడి అక్కడ తిమ్మిరి వస్తుంది. అమెరికాలో వృత్తి ఆరోగ్య పరిశోధకులు ఐదు నగరాల్లో సైకిల్ మీద గస్తీ తిరిగే 90 మంది మగ పోలీసులకు ముక్కు లేని సీట్లిచ్చి ఆరు నెలలు చూశారు. మొదట తిమ్మిరి లేదన్నవాళ్లు 27 శాతం. ఆరు నెలల తర్వాత 82 శాతం. 2008లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. ఆడవాళ్లకు ఆ రెండు ఎముకల మధ్య దూరం సగటున ఎక్కువ, అందుకే వెడల్పాటి సీటు కావాల్సి రావచ్చు. మగవాళ్ల కొలతతో చేసిన సన్నటి సీటు మీద ఇబ్బంది పడుతూ, అది తమ ఒంటి లోపమని అనుకునే అమ్మాయిలకు ఈ ఒక్క మాట చెప్పేవాళ్లు కావాలి. తిమ్మిరి మామూలే అని ఓర్చుకోకూడదు. అది సీటు మార్చమని ఒళ్లు చేసే హెచ్చరిక.

సీటు వల్ల వచ్చే పుండు ఎంత పని చేయగలదో 1989 టూర్ ద ఫ్రాన్స్ చూపింది. మూడు వారాల రేసు చివరి రోజు, జూలై 23న, ఫ్రాన్స్ రేసర్ లోరాన్ ఫిన్యాన్ 50 సెకన్ల ఆధిక్యంలో ఉన్నాడు. మిగిలింది వెర్సాయ్ నుంచి పారిస్‌కు ఒక్కొక్కరే తొక్కాల్సిన 24.5 కిలోమీటర్లు. ఇంచుమించు జగిత్యాల నుంచి కోరుట్ల దాకా. ఫిన్యాన్ సీటు పుండుతో బాధపడుతూ బరిలో దిగాడు. అవతల ఉన్నది లెమాండ్, సగటున గంటకు 54 కిలోమీటర్లకు పైగా వేగంతో తొక్కాడు. ఫిన్యాన్ ఆ దారిలో 58 సెకన్లు వెనకబడి, మొత్తం టూర్‌ను 8 సెకన్ల తేడాతో పోగొట్టుకున్నాడు. లెమాండ్ ఆ రోజు వాడిన కొత్త రకం హ్యాండిల్ గాలిని బాగా చీల్చింది, గెలుపులో దాని వాటా పెద్దది. కానీ మూడు వేల కిలోమీటర్లకు పైగా సాగిన రేసు ఎనిమిది సెకన్లలో తేలినప్పుడు, కూర్చోలేని నొప్పిని లెక్కలోంచి తీసేయలేం.

సూత్రాలు తెలిసినవాళ్లకు కూడా సీటు ఒక్కసారికి తేలిపోదు. బెల్జియం దిగ్గజం ఎడీ మెర్క్స్ 1969లో బ్లోవా ట్రాక్ మీద ఘోరంగా పడ్డాడు. నడుము, కటి దెబ్బతిన్నాయి. అప్పటి నుంచి ఏ ఎత్తులోనూ అతనికి పూర్తిగా సుఖం దొరకలేదు. రేసు మధ్యలోనే పానా తీసి సీటును సరిచేసుకునేవాడు. అదే మనిషి 1972 అక్టోబరు 25న మెక్సికో నగరంలో గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. ఒళ్లు మారితే కొలత కూడా మారుతుంది. హైదరాబాద్‌కు చెందిన ఆదిత్య మెహతా రోడ్డు ప్రమాదంలో కాలు పోయాక సైకిల్ పట్టి, 2013 ఆసియా పారా సైక్లింగ్ పోటీల్లో రెండు రజతాలు తెచ్చాడు. అలా కాలు కోల్పోయినవాళ్లకు సీటు అమరికే సగం సాధన. కృత్రిమ కాలికి చీలమండ మన కాలిలా వంగదు, కాబట్టి ఏ సూత్రమూ నేరుగా పనిచేయదు, ఒక్కో మిల్లీమీటరూ తొక్కి తెలుసుకోవాలి. మామూలు మనుషుల్లోనూ రెండు కాళ్లూ సరిగ్గా ఒకే పొడవు ఉండేవాళ్లు తక్కువే.

దూరం పెరిగేకొద్దీ చిన్న తప్పు పెద్దదవుతుంది. హైదరాబాద్‌లో రాండనీర్లు అనే దూరప్రయాణపు సైక్లిస్టులు 200 కిలోమీటర్ల దారిని పదమూడున్నర గంటల గడువులో పూర్తి చేస్తారు. నిమిషానికి 70 చుట్ల చొప్పున పది గంటలు తొక్కితే ఒక్కో కాలికి 42 వేల చుట్లు. జగిత్యాల, సిరిసిల్లల నుంచి హైదరాబాద్ చేరిన ఉద్యోగులకు ఇప్పుడు తొక్కే చోటు కూడా దొరికింది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర ఫలకాల కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌ను 2023 అక్టోబరు 1న అప్పటి మంత్రి, సిరిసిల్ల ఎమ్మెల్యే కేటీ రామారావు ప్రారంభించారు. ఎండ పడని, లారీ రాని దారి అది. సీటు సరిగ్గా ఉందో లేదో తేల్చుకోవడానికి అంతకన్నా మంచి చోటు ఉండదు. జగిత్యాల, సిరిసిల్ల వైపు అలాంటి దారి లేకపోయినా, మానేరు కట్టల మీద, కాకతీయ కాలువ గట్ల వెంట తెల్లవారుజామున తొక్కేవాళ్లకు కొలత అదే, మోకాలూ అదే.

మార్చేటప్పుడు తొందర పనికిరాదు. ఏళ్ల తరబడి తక్కువ సీటుకు అలవాటైన మనిషి సీటును ఒకేసారి పది సెంటీమీటర్లు లేపితే కండరాలు ఎదురు తిరుగుతాయి, పడిపోతామన్న భయమూ పట్టుకుంటుంది. వారానికి ఒక సెంటీమీటరు చొప్పున లేపుతూ, అదే సమయంలో సీటు దిగి ఆగడం అలవాటు చేసుకోవాలి. సరైన చోటుకు దగ్గరయ్యాక రెండు మూడు మిల్లీమీటర్లకు మించి కదపకూడదు. ఒకేసారి ఎత్తూ, వాలూ రెండూ మార్చితే ఏది మేలు చేసిందో తెలియదు. సీటు రాడ్ మీద ఒక గీత ఉంటుంది. ఆ గీత ఫ్రేమ్ బయట కనిపించేంత పైకి రాడ్‌ను లాగకూడదు, లాగితే రాడ్ వంగుతుంది, విరగనూ వచ్చు. ఎత్తు చాలకపోతే పొడవాటి రాడ్ వేయించుకోవాలి. కార్బన్ ఫ్రేమ్ ఉన్న రేసు సైకిల్‌కు బోల్టు పక్కన రాసి ఉన్న బిగింపు అంకెను దాటకూడదు. ఇనుప సైకిల్ మీద బలం కొద్దీ బిగించినట్టు దాన్ని బిగిస్తే లోపల పగులు వస్తుంది, బయటికి కనపడదు.

పిల్లల విషయంలో ఇంకొంచెం శ్రద్ధ కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో ‘బడికొస్తా’ పథకం కింద ఉన్నత పాఠశాల బాలికలకు సైకిళ్లిచ్చారు. ఇలా ఒకే తరగతికి ఒకే సైజు సైకిళ్లిస్తే, ఆ తరగతిలో నాలుగున్నర అడుగుల అమ్మాయీ ఉంటుంది, ఐదున్నర అడుగుల అమ్మాయీ ఉంటుంది. పంచే రోజున ఒక పానా, ఒక మనిషి ఉంటే ఒక్కో సీటుకు రెండు నిమిషాలు చాలు. పెరిగే వయసు కాబట్టి ఆరు నెలలకోసారి మళ్లీ చూడాలి. దసరా సెలవులకు ఒకసారి, ఎండాకాలం సెలవులు అయ్యాక ఒకసారి అనుకుంటే గుర్తుంటుంది.

అంతా కుదిరిందనిపించాక రాడ్ ఫ్రేమ్‌లోకి దిగే చోట కరెంటు పనివాళ్ల నల్ల టేపు ఒక చుట్టు చుట్టాలి. ఇరుసు నుంచి సీటు పైభాగం దాకా ఉన్న అంకెను ఇంట్లో ఎక్కడైనా రాసి పెట్టుకోవాలి. తమ్ముడు అడిగి తీసుకుపోయి సీటు దించేసినా, షాపులో ఓవరాయిలింగ్‌కు రాడ్ ఊడదీసినా, తిరిగి వచ్చాక టేపు ఎక్కడుందో అక్కడి దాకా లేపి పానా తిప్పితే సరిపోతుంది.